గోదావరి ఒడ్డున పాతబడే వాచీలు

రాజమండ్రి అనగానే సినిమా ప్రియులకు గోదావరి, పడవలు, 'మూగమనసులు' (1964) గుర్తొస్తాయి. ఈసారి నన్ను ఆకట్టుకున్నది మాత్రం మెయిన్ రోడ్డులో ఓ వాచీ రిపేరు బల్ల!

కంటికి భూతద్దం బిగించుకున్న మేస్త్రీగారు ఓ చవక బ్యాటరీ వాచీ విప్పారు. తెల్ల డయలుకు టీ డికాషను పలచగా పూసి ఆరబెట్టారు. కేసు మెరుపును సన్నని గరుకు కాగితంతో తగ్గించారు. స్టీలు గొలుసు తీసి తోలు బెల్టు వేశారు. అచ్చం తాతగారి వాచీయే!

"1964 నాటి కథలో హీరోకి పెట్టొచ్చా?" అన్నాను.

"దూరం షాటుకైతే పెట్టండి బాబూ. క్లోజప్‌లో దొరికిపోతారండి. సెకన్ల ముల్లు చూడండి!"

నిజమే. బ్యాటరీ వాచీ ముల్లు సెకనుకో గెంతు వేస్తుంది. కీ ఇచ్చే హెచ్.ఎం.టి. జనతాలో సెకనుకు అయిదు చిన్న అడుగులు. కంటికి జారుతున్నట్టే ఉంటుంది. పైగా క్వార్ట్జ్ చేతి వాచీ జపానులో అమ్మకానికొచ్చిందే 1969 డిసెంబరులో!

హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. పాత జనతాలకు కొత్త డయలు వేసి 'అసలు సిసలు పాతది' అని అమ్మేవాళ్ళున్నారు. సినిమాకి వేషం వేస్తే ముచ్చటే, మీ జేబుకి వేస్తే మోసం. కొనేముందు వెనక మూత విప్పించి చూడండి!