అల్మారాలో సూర్యుడు

విజయనగరం నుండి పార్వతీపురం, రాయగడ, తిత్లాగఢ్‌ల మీదుగా కొండలను చీల్చుకుంటూ రాయపూర్ చేరే రైలుమార్గం 1931లో పూర్తయింది. ఆ మార్గాన వెళ్లి, రైల్వే ఉద్యోగాలలో కుదురుకుని, అక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలలో మా అక్కగారిది ఒకటి. కిందటి దీపావళికి వెళ్లి వారింట పదిహేను రోజులున్నాను.

పండుగకు వెళ్లినా చేతిలో పని ఉన్నది. కెనడాలో స్థిరపడిన మిత్రుడొకరు, అక్కడి తెలుగువారి కోసం ఇంటితోటల మీద ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని తెనిగించమని కోరారు. తులసి, మిరప, టమాటా ప్రకరణాలు గడిచాక, పదకొండవ అధ్యాయం నన్ను కాస్త నిలబెట్టింది. నాలుగు గోడల మధ్య, విద్యుద్దీపాల వెలుగులో, మొట్టమొదటి గంజాయి మొక్కను పెంచే విధానమది. 2018 అక్టోబరు 17న అమలులోకి వచ్చిన కెనడా చట్టం ప్రకారం, క్యూబెక్ వంటి చోట్ల తప్ప, ఇంటికి నాలుగు మొక్కల వరకు పెంచుకోవచ్చును. అక్కడ అది పెరటి వ్యవహారం. మూలంలో ఉన్న విషయం మీద తీర్పు చెప్పడం అనువాదకుని పని కాదని చిరకాలంగా నమ్మినవాడిని కనుక, ఆ అధ్యాయాన్ని కూడా శ్రద్ధగానే తెనిగించాను.

నాలుగవ రోజు రాత్రి మేనల్లుడి గదిలో బట్టల అల్మారా తలుపుసందు నుండి ఊదారంగు వెలుగు కనిపించింది. తలుపు తీశాను. లోపలి గోడలకు వెండి కాగితం అతికించి ఉన్నది. పైన ఎల్.ఇ.డి. దీపాల పలక, కింద తడిమట్టి నింపిన కొత్త కుండీ, పక్కన పొట్లంలో నాలుగు గింజలు.

కుర్రవాడు ఇంజనీరింగు మూడవ సంవత్సరం చదువుతున్నాడు. అక్క పట్టుబట్టి ఇంట్లో నేర్పిన తెలుగు వాడిది. నా రాతప్రతి ఎప్పుడు చదివాడో నాకు తెలియదు.

"ఇంగ్లీషులో ఇలాంటివి చాలా చూశాను. మీ తెలుగు చదివాకనే సరిగ్గా అర్థమైంది మామయ్యా. చాలా బాగా రాశారు" అన్నాడు.

ఇరవై ఏళ్ల వృత్తిలో నాకు లభించిన ప్రశంసలలో దీనిని మించినది లేదు. ఇంతగా భయపెట్టినదీ లేదు.

"తాగడానికి కాదు. ఎలా పెరుగుతుందో చూద్దామని. ఒక్క మొక్కే కదా!"

ఆ రాత్రి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని తీసి వాడి ముందు పెట్టాను. ఎనిమిదవ సెక్షన్ ఇంగ్లీషు పాఠంలో మొక్కకు ముందు ‘ఎనీ’ అనే చిన్న మాట ఉన్నది. నేను తెలుగు చేసి వినిపించాను: ఏ గంజాయి మొక్కనైనా. ఒకటా, నూరా అన్న విచారణ ఆ మాటలో లేదు. ఇరవయ్యవ సెక్షన్ సాగుకు పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్షను, లక్ష రూపాయల వరకు జరిమానాను విధిస్తున్నది. దగ్గర ఉంచుకున్న సరుకు విషయంలో పరిమాణాన్ని బట్టి శిక్ష తగ్గవచ్చు, పెరగవచ్చు. సాగుకు ఆ మెట్లు లేవు. పూతకొనలు లేని విడి ఆకును మాత్రం చట్టం గంజాయి నిర్వచనం నుండి తప్పించింది. అందువల్లనే ఉత్తరాదిన శివరాత్రికీ, హోలీకీ భంగు నేటికీ నూరుతున్నారు.

ఈ దేశం ఎప్పుడూ ఇంత కఠినంగా లేదు. 1893–94లో ఆంగ్ల ప్రభుత్వం నియమించిన గంజాయి విచారణ సంఘం దాదాపు 1,200 మంది సాక్షులను విచారించి, మితమైన వాడకం వల్ల పెద్ద హాని లేదనీ, నిషేధం కంటే పన్ను, అదుపు మేలనీ తేల్చింది. రాయపూర్ అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. ఆ రాష్ట్రంలో గంజాయి సాగు పడమటి దిక్కున ఖండ్వా ప్రాంతంలో, ప్రభుత్వం కనుసన్నలలో జరిగేది. మేనల్లుడు ఈ మాట వినగానే ఉత్సాహపడ్డాడు. నూరేళ్ల కిందటి సంఘం న్యాయమూర్తి ముందు సాక్ష్యానికి రాదని చెప్పాను.

వాడు వాదించలేదు గానీ, ముఖం ముడుచుకుపోయింది. నిజానికి వాడి కుతూహలం నాకు తప్పుగా తోచలేదు. అదే నన్ను ఇబ్బంది పెట్టింది.

మరునాడు సాయంత్రం ఇద్దరం స్కూటరు మీద ఊరి బయటికి, కృషక్ నగర్ దిక్కుగా బయలుదేరాం. 1987లో నెలకొన్న ఇందిరాగాంధీ వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడనే ఉన్నది. అందులో 23 వేలకు పైగా వరి రకాల విత్తనాలు భద్రపరచి ఉన్నాయి. ఆ సంపదకు మూలపురుషుడు డాక్టర్ ఆర్.హెచ్. రిఛారియా. 1970వ దశకంలో ఆయన పల్లెపల్లెకూ తిరిగించి రైతుల గింజలను ఏరి తెప్పించాడు. ఆయన నడిపిన పరిశోధనాలయాన్ని తరువాత మూసివేశారు; గింజలు మాత్రం మిగిలాయి.

దారిలో ఒక పొలం దగ్గర స్కూటరు ఆపించాను. గట్టు పొడవునా వరి వెన్నులు వేసి వంగి ఉన్నది. రోడ్డు మీది దీపస్తంభం కింద మాత్రం కొన్ని గజాల మేర ముదురాకుపచ్చగా, వెన్ను లేకుండా నిటారుగా నిలిచి ఉన్నది.

"ఎరువు ఎక్కువైందేమో" అన్నాడు.

కాదు, దానికి రాత్రి దొరకలేదు. ఛత్తీస్‌గఢ్ పాతకాలపు దీర్ఘకాలిక వరులు క్యాలెండరు చూడవు, రాత్రి నిడివిని చూస్తాయి. రాయపూర్‌లో మిట్టవేసవి పగలు సుమారు 13 గంటల 25 నిమిషాలు. నడి చలికాలంలో 10 గంటల 50 నిమిషాలు. వర్షాలు వెనుకబడి రాత్రులు సాగుతున్న కొద్దీ, జూన్‌లో చల్లిన చేనూ జూలైలో నాటిన చేనూ ఇంచుమించు ఒకేసారి పొట్టకు వస్తాయి. దీపం కింది మొక్కకు రాత్రి రాదు గనుక అది పూతకు రాదు.

ఈ రహస్యాన్ని మొదట పట్టి ఇచ్చినది ఏ మొక్కో చెప్పినప్పుడు వాడు స్కూటరు దిగి నిలబడ్డాడు. జూలియన్ టూర్నువా అనే ఫ్రెంచి యువకుడు పారిస్‌లో, చలికాలంలో గాజుగదిలో మొలిపించిన గంజాయి జాతి మొక్కలు పసితనంలోనే పూయడం గమనించి, వెలుగును గంటల లెక్కన కొలిచి ఇస్తూ 1912లో దానిని నిరూపించాడు. పగలు తగ్గడం కంటే రాత్రి పెరగడమే కారణమన్న ఊహకు కూడా చేరాడు. 1914 యుద్ధం అతనిని మింగింది. 1920లో అమెరికాలో గార్నర్, అల్లార్డ్‌లు పొగాకు మీద ఇదే సూత్రాన్ని స్థాపించి పేరు పొందారు. నా పదకొండవ అధ్యాయంలో దీపాన్ని ఇన్ని గంటలు వెలిగించాలి, ఇన్ని గంటలు ఆర్పాలి అని ఉన్నదంతా ఆ ఫ్రెంచివాడి గదిలో పుట్టినదే.

తిరుగు ప్రయాణంలో ఇంకొక మాట తోచింది. మంచుదేశాలలో దీపం సూర్యునికి బదులు. వైశాఖంలో నెత్తి మాడ్చే రాయపూర్‌లో సూర్యునికి కొదవ ఏమున్నది? ఇక్కడ దీపం అవసరం ఒక్కటే: దాచడం. కోర్బాలో బొగ్గు మండించి కరెంటు పుట్టించి, దానితో అల్మారాలో ఒక దొంగ సూర్యుణ్ణి వేలాడదీయడం.

దాచలేనివారు కొండల మీద ఉన్నారు. నేను వచ్చిన రైలుమార్గానికి దక్షిణాన, ఆంధ్ర, ఒడిశా సరిహద్దు మన్యంలో పండే రకానికి శీలావతి అని పేరు; ఇంతకంటె వికటమైన నామకరణాన్ని నేనింతవరకు అనువదించలేదు. 2021 చివరలో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఆ తోటలను నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. రాయపూర్ మీదుగా ఉత్తరాదికి మూటలు మోస్తూ పట్టుబడ్డ కూలీలకు ‘ఏ మొక్కనైనా’ అన్న మాటను ముందుగా తెలుగు చేసి చెప్పే మేనమామ ఎవరు?

ఆ రాత్రి వాడే నాలుగు గింజలనూ పెనం మీద వేసి మాడ్చాడు. వాము మాడుతున్నదా అని అక్క ముందుగదిలో నుండి కేక వేసింది.

కెనడా మిత్రునికి జాబు రాశాను. అధ్యాయం తలమీద భారత చట్టాన్ని నాలుగు పంక్తులలో అచ్చు వేయాలని కోరాను. కెనడా పాఠకులకు దానితో పని ఏమిటన్నారాయన. తెలుగు పుట ఏ దేశంలో ఆగుతుందో నేను చెప్పలేనని బదులిచ్చాను. రెండు వారాల తరువాత ఒప్పుకున్నారు. ఆ నాలుగు పంక్తులకు నాకు ఒక పూట పట్టింది.

దీపపు పలక ఊరికే పోలేదు. తెలిసిన రైతు ఇచ్చిన దుబరాజు వడ్లను మేనల్లుడు రెండు కుండీలలో చల్లాడు. ఒకటి అల్మారాలో, రోజుకు పద్దెనిమిది గంటల వెలుగులో, రెండవది కిటికీలో. కరెంటు బిల్లు గురించి అక్క నాకు రెండుసార్లు ఫోను చేసింది. నెల తిరగకుండానే కిటికీకెదురుగా వీధిదీపం ఉన్న సంగతి గుర్తించి, చీకటి పడగానే కుండీ మీద నల్లగుడ్డ కప్పడం మొదలుపెట్టాడు.

శివరాత్రినాడు ఖారూన్ ఒడ్డున మహాదేవ్ ఘాట్ నుండి తిరిగి వచ్చి ఫోటో పంపాడు. కిటికీ కుండీలో చిన్న వెన్ను బయటికి వచ్చింది. అల్మారాలోది మోకాలెత్తు పెరిగి, ఇంకా గడ్డిలాగానే ఉన్నది. ఇప్పుడు దానికి కూడా రాత్రి ఇవ్వనా మామయ్యా అని కింద అడిగాడు.