డబ్బామీది త్రికోణము

మా చందూరు పొలములకు నిజాంసాగరు కాలువనీరే ఆధారము. బోధనులోని నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిమ్మట ఇచ్చట వరియే ముఖ్యమైనది. పైరు ఏదైనను పురుగుమందు లేక గడచుట లేదు.

మూడేండ్ల క్రిందట మా పెద్దబాపు వరికి సుడిదోమ మందు కొట్టబోయెను. ఒక మందు చాలదని తోచి రెండింటిని ఒక్క పంపులో గలిపెను. చేతికి తొడుగులు లేవు. గాలి యెదురు వీచుచుండెను. మధ్యాహ్నమునకు గట్టుమీద కూలబడెను. నోట చొంగ కారుచుండెను. కనుపాపలు సూదిమొనలంత యైనవి. నిజామాబాదునకు గొనిపోగా వైద్యులు అట్రోపిను సూదులిచ్చిరి. నాలుగు దినములకు గాని ఆయన మాకు దక్కలేదు.

ఖాళీ డబ్బాలలో నొకదానిపై ఎఱ్ఱ త్రికోణమును, రెండవదానిపై నీలి త్రికోణమును ఉండెను. "నీలిది మెల్లనిదే గదా బిడ్డా, ఎఱ్ఱదానిని సగమే పోసితిని" అని ఆయన పిదప మాతో ననెను. ఆ మాట మా మనస్సున నాటుకొనినది.

ఈ రంగులు 1971 నాటి నియమములచే నేర్పడినవి. ఎలుకలలో సగము చచ్చుటకు, వాని బరువు కిలో యొక్కంటికి ఎన్ని మిల్లీగ్రాముల మందు నోట బడవలయునో, అది లెక్క. 50 లోపలనైన ఎఱుపు, 500 లోపల పసుపు, 5,000 లోపల నీలము, ఆపైన ఆకుపచ్చ.

ఈ లెక్కకై ఎన్ని ఎలుకలు చచ్చినవో! ఇప్పుడు కంప్యూటరు కొంతవఱకు ఆ పని చేయుచున్నది. దీనికి మూలమైన వ్యాసమొకటి 1962లో వెలువడెను. అమెరికాలోని పొమోనా కళాశాలాచార్యుడు కార్విన్ హాన్ష్, ఆయన తోడివారు మొక్కల పెరుగుదలను మార్చు పదార్థములను పరిశీలించిరి. చెఱకు తోటలలో కలుపునకు గొట్టు 2,4-డి ఆ వంశములోనిదే. అణువునకు దగిలిన చిన్న భాగము మారినపుడు దాని శక్తి యెట్లు మారునో, అది నీటికన్న నూనెవంటి ద్రవములో నెంత యెక్కువగా గరగునో చూచి, సమీకరణముతో జెప్పవచ్చునని చూపిరి. నేటి కంప్యూటరు తెలిసిన మందుల అణురూపములను, వాని విషపు లెక్కలను ప్రక్కప్రక్కన నుంచుకొని, క్రొత్త అణువు లెక్కను ఊహించును. తెలిసినవానిని పోలని అణువు వచ్చినచో తడబడును.

పారాథియాను, మాలాథియాను రెండును భాస్వరపు మందులే. దేహములో మార్పుజెంది, నరముల పనికి వలసిన యొక ఎంజైమును రెండును బంధించును. అయినను ఎలుకల లెక్కలో మొదటిదానికి 13, రెండవదానికి 2,100! మాలాథియాను అణువునకు రెండు ఎస్టరు కొసలు గలవు. కాలేయములోని వేఱొక ఎంజైము వానిని తెగగొట్టి విషమును విఱుచును. అట్టి కొసలను కంప్యూటరు చక్కగా గుర్తించును.

మఱి ఆ కాపుదల ఎంజైమునే ఇంకొక మందు అణచివేసినచో? ఇ.పి.ఎన్. అను మందును మాలాథియానుతో గలిపి జంతువులకిచ్చిన పరిశోధకులు, విషము రెండింటి మొత్తముకన్న మిక్కిలి హెచ్చినదని 1957లోనే ప్రకటించిరి. 1976లో పాకిస్తానునందు మలేరియా దోమలకై మాలాథియాను చల్లిన పనివారిలో సుమారు 2,800 మంది విషపీడితులైరి, అయిదుగురు మరణించిరి. ఆ మందుపొడిలో జేరిన ఐసోమాలాథియాను అను కల్మషమే కారణమని తేలెను. కలుపులకును లెక్కగట్టు పద్ధతులు లేకపోలేదు గాని, అవి సాధారణముగా బలములను గూడుకొనుటతో సరిపెట్టును. పెద్దబాపు గట్టిన లెక్కయు నట్టిదే గదా!

మొన్న పంపు నింపుచు ఆయన, "బిడ్డా, మీ యంత్రము ఈ రెండింటి కలుపునకు లెక్కగట్టినదా?" అని యడిగెను. గట్టినను ఆ లెక్క డబ్బామీద లేదంటిమి. ఆయన రెండవ డబ్బాకు మూత బిగించి కొట్టులో బెట్టివచ్చెను.