మానుకోటలో జింక్గో

భూపాలపల్లి గనుల్లోంచి పైకొచ్చే బొగ్గంతా ఒకప్పటి అడవే. పాతిక కోట్ల ఏళ్లు దాటిన ఆ అడవిలో గ్లాసాప్టెరిస్ అనే చెట్లు ఎక్కువ. అవి అంతరించాయి. దాదాపు అంతే పాత వంశమైన జింక్గోలో మాత్రం ఒక్క జాతి బతికి బట్టకట్టింది. విసనకర్రలాంటి ఆకు, చలికాలం ముందు పసుపు ముద్దలా మారే కొమ్మలు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబుకు మాడిన జింక్గోలు కొన్ని మళ్లీ చిగురించాయి కూడా.

అంత మొండి చెట్టు జనగామ మేడమీద బోన్సాయ్ కుండీలో ఒదగదా? మొలిపించడం వరకైతే సులువే. పండు గుజ్జు దుర్వాసన వేస్తుంది, చర్మానికి పడదు. చేతులకు తొడుగులు వేసుకుని కడిగేయాలి. గింజల్ని తడి ఇసుకలో కలిపి రెండు నెలలు ఫ్రిజ్‌లో ఉంచాలి (ఇంట్లోవాళ్లు ఊరుకుంటే!). కొమ్మ నాటితే వేళ్లకు రెండు మూడు నెలలు పడుతుంది. జింక్గోలో ఆడ, మగ చెట్లు వేరు. గింజ మొక్క ఏదో తేలడానికి ఇరవై ముప్పై ఏళ్లు ఆగాలి. కొమ్మకు ఆ బెంగ లేదు, తల్లిచెట్టు ఏదైతే అదే.

చిక్కంతా ఆ తర్వాతే. ఫ్రిజ్ గింజకు చలికాలం చూపించగలదు గానీ చెట్టుకు చూపించలేదు. ఆకు రాల్చి వారాల తరబడి నిద్రపోవడానికి మన సంక్రాంతి చలి ఏమూలకూ చాలదు. మే ఎండకు గచ్చు మీది చిన్న కుండీలో వేళ్లు ఉడికిపోతాయి. ఏటికేడు నీరసించే చెట్టుకు తీగ చుట్టి వంపులు తిప్పడం బోన్సాయ్ కాదు, హింస.

అసలు మహబూబాబాద్‌ను జనం ఇప్పటికీ మానుకోట అనే అంటారు. అక్కడ మాను కోసం చైనా, జపాన్‌ల వైపు చూడక్కర్లేదు. రావి, జువ్వి, మర్రి పిట్టల పుణ్యమా అని గోడల మీదే మొలుస్తాయి. వీటి గింజ ఆవగింజ కన్నా చిన్నది. ఇటుకపొడి, ఇసుక కలిపి పైన చల్లాలి, మట్టి కప్పకూడదు. కుండీని నీళ్ల పళ్లెంలో పెడితే అడుగు నుంచే తడి అందుతుంది. తొలకరిలో బొటనవేలంత లావు జువ్వి కొమ్మ కోసి, కారిన పాలు తుడిచి, నీడలో గుచ్చినా వేళ్లూనుతుంది. అయితే మొదట్లో నలువైపులా పరుచుకునే వేళ్ల అందం కావాలంటే గింజ మొక్కే మేలు. అంత ఓపిక లేనివాళ్లు వానాకాలంలో పిట్టగోడ వెతికితే చాలు. జానెడు పెరక్కముందే తీయాలి. ఆలస్యమైతే మొక్కతోపాటు గోడ పెచ్చు కూడా ఊడొస్తుంది.