బెరడు ఉంచి పుల్ల తీసినట్టు

ఆ పిల్లల ఎముకల వార్డులో ముందు కంటపడేవి పిండికట్లు. బాబుకి ఐదేళ్లు. ఛాతీ కింద మొదలైన కట్టు ఒక కాలికి వేళ్ల దాకా, రెండో కాలికి మోకాలి దాకా ఉంది. మలమూత్రాలకు వదిలిన కంత అంచుల్ని తల్లి తడిగుడ్డతో తుడుస్తోంది. ఆరు వారాలుగా రోజుకు ఎన్నిసార్లో ఆమెకే లెక్క లేదు.

చెట్టు మీంచి పడ్డాడు. తుంటిలో తొడ ఎముక మెడ విరిగింది. పిల్లల్లో విరిగే ఎముకల్లో ఇవి నూటికి ఒకటి కూడా ఉండవు. వేరేచోట స్క్రూలు బిగించాక చీము పట్టింది. తొడ ఎముక తలకు రక్తం తెచ్చే సన్నటి నాళాలు ఆ మెడను పట్టుకునే పైకి పాకుతాయి. కీలు సంచిలో చీము నిండి ఒత్తితే అవి మూసుకుపోతాయి. చంటిబిడ్డలకైతే ఏ దెబ్బా లేకుండానే ఇక్కడ చీము పడుతుంది. జ్వరంతో ఉన్న బిడ్డ గుడ్డ మార్చేటప్పుడు ఒక కాలు కదపక ఏడిస్తే, తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.

“చీములో ఎముక నాటితే అదీ కుళ్లుతుందమ్మా” అన్నారు డాక్టరుగారు. అందుకే రెండు విడతలు. మొదట స్క్రూలు తీసి, చచ్చిన ఎముకను రక్తం చిమ్మేదాకా గీకి, ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు పెడతారు. కొన్ని వారాల్లో దాని చుట్టూ శరీరమే ఒక పొర అల్లుతుంది. ఫ్రాన్స్ సర్జన్ మాస్కెలే 1980లలో తెచ్చిన పద్ధతి ఇది. రక్తపరీక్షలు మామూలుకు వస్తేనే రెండో విడతలో ఎముక నాటడం. బాబుకి రెండూ అయిపోయాయి.

ఆ రోజు రెండో విడతకు పక్క మంచం పాప వంతు. థియేటర్‌లో గోడవారగా నిలబడి చూశాను. పిక్కలో పక్కగా ఉండే సన్న ఎముక కావాలి. దాని మీది పొరను నిలువునా చీల్చి, లోపలి ఎముకను మాత్రం జార్చారు, కొమ్మ బెరడు చెడకుండా పుల్ల లాగినట్టు. చేతికొచ్చింది పెన్సిలంత ముక్క. చీలమండ వైపు చివరను ముట్టుకోలేదు. అది పోతే పాదం బయటికి ఒరుగుతుందట. సిమెంటు తీసేసి, ఆ పొర సంచిలో ఈ ముక్కను నిలబెట్టి, కటి ఎముక నుంచి తోడిన మెత్తటి పొడిని చుట్టూ కూరారు. మాటల్లేవు. మానిటర్ చప్పుడొక్కటే.

సాయంత్రం బాబు కొత్త ఎక్స్‌రే వచ్చింది. తుంటిలో నాటిన ఎముక అంచులు ఇంకా విడిగానే కనిపిస్తున్నాయి. నడక ఇప్పట్లో లేదు. డాక్టరుగారు వేలు కిందికి దించారు. పిక్కలో ఎముక తీసినచోట, ఉంచిన పొర వెంబడి, పలచగా పాలమరకలా ఒక గీత.

“ఇది మళ్లీ పుడుతోందా సార్?” అంది తల్లి, ఫిల్మును కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని.