అమీర్‌పేటలో ఇష్టం ఖరీదు

ఉదయం ఏడు కాకముందే హైదరాబాద్ అమీర్‌పేటలోని మైత్రీవనం పరిసరాలు కిటకిటలాడుతుంటాయి. ఎస్‌ఆర్ నగర్ హాస్టళ్ల నుంచి నడిచి వచ్చే కుర్రాళ్లు, మెట్రో దిగి పరుగులు తీసే అమ్మాయిలు, వాళ్ల చేతుల్లో కరపత్రాలు కుక్కే ప్రచారకులు. గోడ మీద, స్తంభం మీద, మెట్ల వారన ఎక్కడ చూసినా కోర్సుల బ్యానర్లే. సత్యం థియేటర్ పోయి ఆ స్థలంలో 2023లో మల్టీప్లెక్స్ వెలిసినా, అడ్రసు చెప్పేటప్పుడు మాత్రం ఇప్పటికీ 'సత్యం థియేటర్ దగ్గర' అనేవాళ్లే ఎక్కువ.

బోర్డుల మీది పేర్లు మారుతుంటాయి. కంప్యూటర్లు 2000 సంవత్సరాన్ని 1900గా పొరబడతాయని ప్రపంచం బెంబేలెత్తిన రోజుల్లో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్. తర్వాత జావా, డాట్‌నెట్, ఒరాకిల్, శాప్. ఇప్పుడు పైథాన్, డెవాప్స్, డేటా సైన్స్, ఏఐ. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది మొదలు హైటెక్ సిటీ ఏది అడిగితే అమీర్‌పేట అది వండి వడ్డిస్తూనే ఉంది.

ఇంతకీ ఇక్కడికి వచ్చేవారికి ప్రోగ్రామింగ్ అంటే ఇష్టమేనా? ఆ ప్రశ్నే ఇక్కడ కాస్త వింతగా ధ్వనిస్తుంది. కౌన్సెలర్ ముందు కూర్చున్న అభ్యర్థి మొదట అడిగేది "దేనికి డిమాండ్ ఉంది?" అని. రెండోది ఫీజు సంగతి. సివిల్, మెకానికల్ ఇంజనీర్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసినవారు ఒకే బెంచీ మీద కనిపిస్తారు. ఉచిత డెమో క్లాసులు నాలుగు చోట్ల విని గానీ జేబులో చెయ్యి పెట్టరు. ఊళ్లో తండ్రి చేసిన అప్పు వడ్డీ పెరుగుతుంటే అభిరుచి గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? వాళ్లకు ఆసక్తి లేదని ఆక్షేపించడం కడుపు నిండినవాళ్ల మాట.

కానీ డిమాండ్‌నే నమ్ముకున్నవారికి చిక్కులూ ఉన్నాయి. పేరున్న మాస్టారి నోట్సు జెరాక్స్ షాపులో దొరుకుతుంది. దాన్ని బట్టీపడితే ఇంటర్వ్యూ గట్టెక్కవచ్చు. లేని అనుభవానికి సర్టిఫికెట్లు అమ్మే ఘనులూ లేకపోలేదు. తీరా ఉద్యోగంలో చేరాక, అర్ధరాత్రి సర్వర్ మొరాయిస్తే ఆ కాగితాలు ఆదుకోవు. నాలుగేళ్లు తిరిగేసరికి నేర్చుకున్నది పాతబడుతుంది. 2008 మాంద్యం లాంటివి వచ్చినప్పుడు మళ్లీ ఇదే బెంచీకి రావలసిన వాళ్లుంటారు. రెండోసారి కూర్చోవడం మొదటిసారి కంటే కష్టం.

అలాగని ఇష్టం పుట్టుకతోనే రావాలనేం లేదు. సాయంత్రం ల్యాబుల్లో చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. రెండు గంటలుగా ఎర్రర్ చూపిస్తున్న ప్రోగ్రాం ఒక్క సెమీకోలన్ సరిచేయగానే నడుస్తుంది. పక్కవాళ్లు హాస్టల్లో భోజనం అయిపోతుందని లేచి వెళ్లినా, ఒకరిద్దరు కదలరు. ఆ లైను ఎందుకు తప్పయిందో తేల్చుకునేదాకా వాళ్లకు ఆకలి గుర్తుకురాదు. డిమాండ్ అడిగి చేరింది వాళ్లూనూ.

2020లో కొవిడ్ వచ్చి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, పాఠాలు ఆన్‌లైన్‌కు మళ్లాయి. అయినా ఊళ్ల నుంచి జనం మళ్లీ వచ్చారు. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రోలో సుమారు 20 నిమిషాల ప్రయాణం. ఉద్యోగంగా మారడానికి కొందరికి ఆరు నెలలు, కొందరికి రెండేళ్లు.

రాత్రి ల్యాబ్ కుర్రాడు ఒక్కొక్క లైటే ఆర్పుకుంటూ వస్తుంటే, మూలనున్న సిస్టం దగ్గర్నుంచి గొంతు వినిపిస్తుంది: "అన్నా, ఇంకో ఐదు నిమిషాలు."