తొమ్మిది రోజులకి అంత డబ్బా?

మార్చిలో స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి మా చర్చి వాళ్లతో గ్వాటెమాలా వెళ్లొచ్చామని చెబితే అందరూ అడిగింది ఒకటే. "తొమ్మిది రోజుల కోసం అంత డబ్బు తగలేయాలా? ఆ డబ్బేదో వాళ్లకే పంపించొచ్చు కదా?" మొదట అడిగింది మా అత్తయ్యగారు, గుంటూరు నుంచి ఫోన్లో. ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మనిషికి రెండు వేల డాలర్లు. నాకూ మా అమ్మాయికీ కలిపి నాలుగు వేలు. ఒక్కరి జీతం మీద నడిచే మా ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. మావారు మాత్రం, "వెళ్లి చూసిరా, చూశాక లెక్క వేద్దాం" అన్నారు.

పైగా మా గుంటూరు వాళ్లకి మిషనరీ అంటే తొమ్మిది రోజులు వచ్చి పోయే మనిషి కాదు. అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి 1883లో గుంటూరు వచ్చింది. 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచింది. 1930లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉంది. మా నాయనమ్మ "కుగ్లరమ్మ ఆసుపత్రి" అని సొంతింటి పేరు చెప్పినట్టు చెప్పేది. అలాంటి ఊళ్లో పుట్టి, నేను సూట్‌కేసు సర్దుకుని వారం చిల్లర రోజులకి "మిషన్‌కి వెళ్తున్నా" అంటే నాకే కాస్త మొహమాటంగా ఉండేది.

వెళ్లేముందు రెండు నెలలు మీటింగులు పెట్టారు. టైఫాయిడ్, హెపటైటిస్ ఏ సూదులు వేయించుకున్నాం. కుళాయి నీళ్లు తాగకూడదు, ఆ నీళ్లతో పళ్లు కూడా తోముకోకూడదు. పిల్లల ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు. ఎవరికీ చేతికి డబ్బులు, బొమ్మలు ఇవ్వకూడదు, ఏదైనా అక్కడి పాస్టరుగారి ద్వారానే. ఈ చివరి రూలు నాకు బాగా నచ్చింది. పంచిపెట్టే చేతి చుట్టూ పిల్లలు ఎగబడటం మన ఊళ్లలో చూసినదే కదా.

మేం వెళ్లింది చిమాల్తెనాంగో వైపు ఒక కొండ ఊరికి. అక్కడివాళ్లు మాయా జాతివాళ్లు, ఇంట్లో మాట్లాడేది కక్చికేల్. నేను ఇంగ్లీషులో అంటే ఒకరు స్పానిష్‌లోకి, ఇంకొకరు కక్చికేల్‌లోకి మార్చేవాళ్లు. జవాబు మళ్లీ అదే దారిలో నా దగ్గరికి వచ్చేది. నా రంగు, జడ చూసి కొందరు ముందు నాతో నేరుగా స్పానిష్ మొదలుపెట్టి, నేను తెల్లమొహం వేస్తే నవ్వేవాళ్లు.

మా పని పొయ్యిలు కట్టడం. అక్కడ చాలా ఇళ్లలో ఇప్పటికీ నేల మీద మూడు రాళ్లు పెట్టి కట్టెలతో వండుతారు. మొదటి ఇంట్లోకి వంగి అడుగుపెట్టగానే కళ్లు మండాయి. గోడలు, పైన రేకులు మసితో నల్లగా నిగనిగలాడుతున్నాయి. వీపుకి పసిబిడ్డని కట్టుకుని ఒకావిడ ఆ పొగలోనే రొట్టెలు కాలుస్తోంది. నాకు మా నాయనమ్మ వంటిల్లు కళ్లముందుకొచ్చింది. ఊదుగొట్టం, తడి కట్టెలు, ఎప్పటికీ తగ్గని ఆ దగ్గు. టీమ్‌లో మిగతావాళ్లకి అది కొత్త విషయం. నాకు కాదు.

కొత్త పొయ్యి అంటే సిమెంటు దిమ్మెలు, లోపల ఇటుకలు, పైన ఇనప పలక, పొగ బయటికి పోవడానికి రేకు గొట్టం. మొదటిది కట్టడానికి మాకు రోజంతా పట్టింది. మాతో ఉన్న ఊరి మేస్త్రి ఒక్కడే అయితే మధ్యాహ్నానికల్లా ముగించేసేవాడు. మేం దిమ్మె వంకరగా పెట్టడం, ఆయన మాట్లాడకుండా వచ్చి సరిచేయడం. ఎనిమిదిమందిమి అయిదు రోజుల్లో ఏడు పొయ్యిలు కట్టాం. లెక్క ప్రకారం చూస్తే అత్తయ్యగారి మాటే నిజం. మా టికెట్ల డబ్బుతో ఆ మేస్త్రికి ఎన్ని నెలల పని దొరికేదో!

ఎవరికి పొయ్యి కట్టాలో పాస్టరుగారు, ఊరి ఆడవాళ్లు కలిసి ముందే జాబితా రాశారు. అందులో ఆయన చర్చికి రానివాళ్లూ ఉన్నారు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని తీసుకుని జనానికి కూలి ఇప్పించినప్పుడు, తిండి కోసం మతంలోకి వస్తారేమోనని ఆ సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశారంటారు. ఆ జాబితా చూశాక అదే గుర్తొచ్చింది.

మా డబ్బు సంగతి ఉండబట్టలేక పాస్టరుగారినే అడిగేశాను. ఆయన నవ్వి, "డబ్బు పంపినవాళ్లు రెండేళ్లకి మర్చిపోతారు. మా ఇంట్లో కూర్చుని తిన్నవాళ్లు మర్చిపోరు. కానీ మీరు మర్చిపోతే మాత్రం మీరు రావడం దండగే" అన్నారు. అంటే ఆ తొమ్మిది రోజులకి విలువ కట్టేది ఇంటికొచ్చాక నేను చేసేదే.

నిజంగానే తిన్నాం. మొక్కజొన్న పిండి ముద్దని రెండు అరచేతుల మధ్య టపటపా తట్టి రొట్టె చేస్తారు, మన జొన్నరొట్టె లాగే. నేనూ తట్టాను. గుండ్రంగా వచ్చేసరికి అక్కడి ముసలమ్మ నా చెయ్యి తిప్పి చూసి, నీకెంతమంది పిల్లలు, మీ అత్తగారు నీ దగ్గరే ఉంటుందా అని అడిగింది. మూడు భాషలు దాటి వచ్చింది ఆ ప్రశ్న!

మీలో ఎవరైనా ఇలాంటి యాత్రకి పేరు ఇవ్వాలనుకుంటే ముందు కొన్ని అడగండి. రమ్మన్నది అక్కడివాళ్లేనా? మీరు చేసే పని వల్ల ఊరివాళ్ల కూలి పోతుందా? సాయం అందరికా, చర్చికి వచ్చేవాళ్లకేనా? వారానికో కొత్త గుంపు వచ్చి అనాథ పిల్లల్ని ఎత్తుకుని ముద్దుచేసి వెళ్లిపోయే చోటైతే వద్దు. ఆ పిల్లలకి అలవాటైన మనిషి వెళ్లిపోవడమే అలవాటవుతుంది.

మా ఇంట్లో మావారు, నేను, అమ్మాయి కూర్చుని లెక్క వేసుకున్నాం. వచ్చే ఏడు మా ఇంటి నుంచి ఒక్కరే వెళ్తారు. రెండో టికెట్టు డబ్బు ఆ మేస్త్రి కూలికి, సిమెంటుకి వెళ్తుంది. ఎవరు వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. మా అమ్మాయి అప్పుడే స్పానిష్ పుస్తకం ముందేసుకుని కూర్చుంది.