పోయిందెవరి సొమ్ము?

మొన్న మా మిత్రుడొకాయన పొద్దున్నే వచ్చి, ఇచ్చిన కాఫీ అయినా ముట్టకుండా, "నా కథ ఎవడో ఎత్తుకుపోయాడండీ!" అన్నాడు. ఇంట్లో దొంగలు పడ్డారేమోనని మా ఆవిడ వంటింట్లోంచి కంగారుగా వచ్చింది. సంగతి విని, "ఓస్, కథేనా!" అని లోపలికి వెళ్ళిపోయింది. కథ పోయినదానికన్నా ఆ మాటకే ఆయన ఎక్కువ నొచ్చుకున్నాడు.

ఆవిడ మాటలోనూ కొంత న్యాయం లేకపోలేదు. చెంబు పోతే ఇంట్లో చెంబుండదు. కథ పోయినా కథ ఉన్నచోటే ఉంటుంది. అందుకే కాబోలు మన పూర్వులు దీన్ని సగం వేళాకోళంగానే చూశారు. ముక్కుమీది పద్యాన్ని నంది తిమ్మన దగ్గర రామరాజభూషణుడు కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడని ఒక కథ చెప్పుకుంటారు. కొన్నాడు గనక దొంగతనం కాదు లెండి. వెయ్యేళ్ళ కిందటి రాజశేఖరుడు మాత్రం కావ్యమీమాంసలో మాటల్ని హరించడం వేరు, అర్థాన్ని హరించడం వేరు అని విడదీసి, అందులో మళ్ళీ రకాలు చెప్పాడు. అద్దంలో నీడలా ఉన్నదున్నట్టు దించడాన్ని కవి విడిచిపెట్టి తీరాలనీ, అది కవిని కవి కాకుండా చేస్తుందనీ ఆయన తీర్పు. అంటే నష్టం దొంగకేనన్నమాట.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. ఆలోచనకు హక్కు లేదు, దాన్ని చెప్పిన తీరుకే హక్కు అని 1978లో సుప్రీంకోర్టు ఒక నాటకానికీ "న్యూఢిల్లీ" అనే హిందీ సినిమాకీ వచ్చిన తగవులో చెప్పింది. ఇదంతా వివరించి, ఊరడించి, మిత్రుణ్ణి పంపించాను.

ఆయనకు చెప్పనిది ఒకటుంది. నేనూ ఒకప్పుడు ఆ పని చేసినవాణ్ణే.

మా పెద్దక్కయ్య వారపత్రికల్లోని సీరియళ్ళు విప్పి బైండు చేయించేది. సీరియలు పేజీల వెనకవైపు వేరే కథల తోకలూ, నడుములూ ఉండేవి. అలా ఒక కథ దాదాపు పూర్తిగా దొరికింది. రచయిత పేరున్న పేజీ మాత్రం లేదు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. మొదటి నాలుగు వాక్యాలు నేను కల్పించి, పేర్లు మార్చి, మా స్కూలు లిఖితపత్రికకు ఇచ్చాను. తెలుగు మాస్టారు దాన్ని క్లాసులో పైకి చదివారు. చివరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అంతటితో ఊరుకోక, సొంత డబ్బుతో తపాలా బిళ్ళలు అంటించి, నా పేరుతో ఒక వారపత్రికకు పంపించారు. ఖర్మ! అది ఆ కథ వేసుకున్న పత్రికే.

నెల తిరక్కుండా కార్డు వచ్చింది. మాస్టారు నన్ను పిలిచి దాన్ని నా ముందు పెట్టారు. నేను చదివాక, "వెళ్ళి ఆడుకో" అన్నారు. అంతే. ఇంట్లో కూడా చెప్పలేదు.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. మరుసటి ఏడు, ఎనిమిదో తరగతి చదివే ఒక పిల్ల లిఖితపత్రికకు ఒక కథ తెచ్చింది. నేను హాజరు పట్టీ ఇవ్వడానికి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారు మెల్లిగా చదువుతుంటే నాకూ వినబడుతోంది. ఒక ముసలావిడ వీధరుగుమీద కూర్చుని, రాని ఉత్తరంకోసం రోజూ పోస్టుమాన్ని అడుగుతూ ఉంటుంది. ఆ అరుగు మా ఎదురింటిది. ఆ ముసలావిడ ఈ పిల్ల నాయనమ్మ. బాగుంది కథ, చాలా బాగుంది. మాస్టారు చదవడం ఆపి, "ఎందులోంచి దించావమ్మా?" అన్నారు.

ఆ పిల్లకు మొదట అర్థంకాక నవ్వింది. తరవాత అర్థమయింది. కాగితాలు తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జామెట్రీ పెట్టెలో పెట్టుకుంది. "అది తనదే మాస్టారూ, ఆ అరుగు నాకు తెలుసు" అనడానికి నాకు నోరు రాలేదు. నా సాక్ష్యం ఎవరికి కావాలి?

నాలుగేళ్ళ కిందట ఒక పెళ్ళిలో ఆమె కనిపించింది. "అన్నయ్యా, బాగున్నారా?" అని పక్కన కూర్చుంది. మాటల్లో తన మనవరాలు కథలు రాస్తుందని చెప్పింది.

"అది కాగితాలు పట్టుకొచ్చినప్పుడల్లా ఎందులోంచి దించావే అని నోటిదాకా వస్తుందన్నయ్యా. ఏం పాడు అలవాటో! పళ్ళు బిగపట్టుకుంటాను" అంది.

"నువ్వూ రాసేదానివి కదమ్మా, నాయనమ్మ గురించి" అన్నాను.

"నేనా?" అని కాసేపు నావైపు చూసింది. ఆ ప్రశ్న మాస్టారి నోట పెట్టింది నేనేనని ఆమెకు తెలుసో లేదో. చెబుదామనే అనుకున్నాను. ఇంతలో విస్తళ్ళు వేశారని ఎవరో పిలిస్తే, కొంగు సర్దుకుంటూ ఆమె లేచింది.